రిపోలో ఒక్కో ఫైల్లో ఒక్కో రకం లైసెన్స్ హెడరు. అన్నిటికీ ఎస్‌పీడీఎక్స్ (లైసెన్స్ పేర్లను ఒకే తీరుగా రాసే ప్రమాణం) ట్యాగ్ పెట్టేది ఎట్లా?

తోటబోర్డు (తిరుపతి)

చిత్తూరు, పూతలపట్టు వైపు మామిడి తోటల్లో డ్రిప్ మోటార్లు నడిపే కంట్రోలర్ ప్రాజెక్టు. పూర్తిగా ఓపెన్‌సోర్సు. తిరుపతిలో నలుగురం చూసుకుంటాం, కాలేజీ పిల్లలు కూడా అప్పుడప్పుడు ప్యాచులు పంపుతుంటారు. రిపోలో ఎస్‌టీఎం32 చిప్ కోసం సీ ఫర్మ్‌వేర్ ఉంది, తోట దగ్గరుండే గేట్‌వేకి పైథాన్ సర్వీసు ఉంది, ఫోన్లో చూసుకునే వెబ్ పేజీ ఉంది, కైక్యాడ్‌లో గీసిన బోర్డు ఉంది.

తలనొప్పంతా హెడర్లతోనే. మా సీ ఫైళ్లలో కొన్నిట్లో జీపీఎల్ పొడుగాటి పేరా, కొన్నిట్లో "జీపీఎల్ లైసెన్స్" అనే ఒక్క ముక్క, కొన్నిట్లో అసలేమీ లేదు. బీఎంఈ280 సెన్సర్ డ్రైవరు లినక్స్ కెర్నల్లోంచి తెచ్చి మా బోర్డుకు మార్చుకున్నది. చిప్‌తో వచ్చిన హాల్, సీఎంసిస్ లైబ్రరీల ఫైళ్లలో వేరే నోటీసులు. రీడ్‌మీలో "జీపీఎల్ వీ2" అని, లైసెన్స్ ఫైల్లో జీపీఎల్ 2 పూర్తి పాఠం. వెబ్ పేజీ ఫోల్డరు ఒక్కటి ఎంఐటీ.

ఇప్పుడు బోర్డులు కొనేవాళ్లు ఎస్‌బామ్ (లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఏ లైసెన్స్ కింద ఉందో చెప్పే జాబితా) అడుగుతా ఉండారు. స్కానర్ నడిపితే చాలా ఫైళ్లకు "తెలియదు" అని వస్తోంది. సెడ్ (ఫైళ్లలో పాఠం మార్చే కమాండ్) స్క్రిప్టు ఒకటి రాసి ఫైళ్లన్నిటి నెత్తిన ఒకే లైను అతికిస్తే సరిపోతుందా? పాత పేరాలు తీసేయొచ్చా? జేసన్, బొమ్మలు లాంటి వాటిల్లో కామెంటు ఎక్కడ రాయాలి?

---

రేణిగుంట_జంక్షన్

సెడ్ జోలికి ఇప్పుడే పోవద్దు. ట్యాగ్ కొత్తగా లైసెన్స్ ఇవ్వదు. ఆ ఫైల్ హక్కుదారు ఇంతకు ముందే చెప్పిన మాటను యంత్రం చదివేలా ఒక లైన్లో రాస్తుందంతే. అందరికీ ఒకే లైను అతికించారంటే, చిప్ చేసిన ఎస్‌టీ వాళ్ల బీఎస్‌డీ ఫైల్ మీద మీరు జీపీఎల్ ముద్ర కొట్టినట్టు. "తెలియదు" కన్నా తప్పు ట్యాగ్ ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే స్కానర్లు దాన్ని నమ్మేస్తాయి, ఆ తర్వాత ఎవరూ తెరిచి చూడరు.

ట్యాగ్‌ను ఇక్కడ పలికినట్టు రాస్తున్నా. ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లో, హైఫన్లతో సహా లైసెన్స్ జాబితాలో ఉన్నది ఉన్నట్టే ఉండాలి:

// ఎస్‌పీడీఎక్స్-లైసెన్స్-ఐడెంటిఫైయర్: జీపీఎల్-2.0-ఓన్లీ

ముందు ఫైళ్లను కుప్పలు పోయండి. గిట్ గ్రెప్‌కు పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి ఈ ట్యాగ్ పేరు వెతికితే ట్యాగ్ లేని ఫైళ్ల జాబితా వస్తుంది. దాన్ని స్కాన్‌కోడ్‌తోనో, డెబియన్ వాళ్ల లైసెన్స్‌చెక్‌తోనో నడిపి, ఒకే పాఠం ఉన్న ఫైళ్లను ఒక కుప్పగా వేయండి. లినక్స్ కెర్నల్లోనూ ఇట్లాగే జరిగింది. 2017 నవంబరులో వచ్చిన 4.14 వెర్షన్ కోసం మొదట అసలు నోటీసే లేని ఫైళ్లకు ట్యాగ్ వేశారు. పేరాలున్నవాటిని తర్వాత, ఒక్కో రకం పేరాను విడిగా చదివి, విడి కమిట్లుగా మార్చారు. (అంతకంటే ముందే, 2013లోనే, యూ-బూట్ అనే బూట్‌లోడర్ ప్రాజెక్టు ఈ దారి పట్టింది.)

ఇక కుప్పల వారీగా.

జీపీఎల్ పేరాలో "వెర్షన్ 2, లేదా మీ ఇష్టాన్ని బట్టి ఆ తర్వాతి ఏ వెర్షనైనా" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటే జీపీఎల్-2.0-ఆర్-లేటర్. "తర్వాతి వెర్షన్" మాట లేకుండా వెర్షన్ 2 అని మాత్రమే ఉంటే జీపీఎల్-2.0-ఓన్లీ. రెండు పేరాలూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, తేడా ఒక్క ఉపవాక్యం. కాబట్టి పైపైన చూసి కుప్పలో వేయకండి.

వెర్షన్ నంబరు లేకుండా "జీపీఎల్" అని మాత్రమే ఉన్నవే అసలు చిక్కు. జీపీఎల్ 2లో 9వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రాం వెర్షన్ నంబరు చెప్పకపోతే తీసుకునేవాడు ఎఫ్‌ఎస్‌ఎఫ్ (జీపీఎల్ రాసిన సంస్థ) ప్రచురించిన ఏ వెర్షనైనా ఎంచుకోవచ్చు. అంటే ఆ ఫైల్ని విడిగా చూస్తే జీపీఎల్-1.0-ఆర్-లేటర్. కెర్నల్లో అట్లాంటి ఫైళ్లకు ఆ ట్యాగే పడింది. మీ రీడ్‌మీలో "వీ2" అని ఉంది కాబట్టి రెండు మాటలకూ పొత్తు కుదరడం లేదు. గిట్ లాగ్ తీసి ఆ ఫైల్ రాసినవాళ్లు ఎవరో చూసి, వాళ్లనే అడిగి, వాళ్ల జవాబును కమిట్ సందేశంలో పెట్టండి.

ఏ నోటీసూ లేని మీ సొంత ఫైళ్లకు రీడ్‌మీయే ఆధారం. దాంట్లో వెర్షన్ 2 అని నంబరు ఉంది, "తర్వాతి వెర్షన్" మాట లేదు. అదే 9వ సెక్షన్‌ను అక్షరాలా చదివితే అది ఓన్లీ. లైసెన్స్ ఫైల్లో జీపీఎల్ పాఠం ఉండడం వల్ల ఈ విషయం తేలదు. ఆ పాఠం రెండు రకాలకూ ఒకటే. ఓన్లీ నుంచి ఆర్-లేటర్‌కు పోవాలంటే ఆ ఫైల్లో కోడ్ రాసిన ప్రతి ఒక్కరి ఒప్పుదల కావాలి, ప్యాచులు పంపిన పిల్లలతో సహా. అది ట్యాగ్ పనిలో కలిపేయకూడదు, విడి నిర్ణయం.

కెర్నల్ నుంచి తెచ్చిన డ్రైవరుకు కెర్నల్లో ఏముంటే అదే. బీఎంపీ280 కోర్ ఫైల్లో జీపీఎల్-2.0-ఓన్లీ అని ఉంటుంది, బీఎంఈ280ని నడిపేదీ ఆ డ్రైవరే. మీరు సగం మార్చినా ఆ లైనూ, కాపీరైట్ లైన్లూ అట్లాగే ఉండాలి. కింద మీ కాపీరైట్ లైను చేర్చుకోవచ్చు.

పాత ఉదాహరణలు చూసి "ఓన్లీ" లేకుండా ఉత్త జీపీఎల్-2.0 అనో, ప్లస్ గుర్తుతోనో రాయకండి. కెర్నల్లో ఆ రూపాలు ఇప్పటికీ కనిపిస్తాయి, ఎందుకంటే ఆ పని మొదలైనప్పుడు జాబితాలో అవే ఉన్నాయి. జాబితా 3.0 నుంచి వాటిని పక్కన పెట్టేశారు, కొత్త టూల్స్ హెచ్చరిక ఇస్తాయి. డెబియన్ కాపీరైట్ ఫైల్లోంచి కూడా ఎత్తి రాయొద్దు. అక్కడ ఎంఐటీని ఎక్స్‌పాట్ అంటారు, ఎస్‌పీడీఎక్స్ జాబితాలో అది ఎంఐటీ.

---

పీలేరు_పైథాన్

లైను ఎక్కడ పెట్టాలో చెప్తా. స్క్రిప్టుతో చేస్తే ఎక్కువ విరిగేది ఇక్కడే.

సూత్రం ఒకటే: కామెంటు రాయడానికి వీలున్న మొట్టమొదటి లైను. షెల్, పైథాన్ ఫైళ్లలో పైన షెబాంగ్ (#! తో మొదలయ్యే లైను) ఉంటే దాని కింద. ట్యాగ్ దానిపైకి ఎక్కితే కెర్నల్‌కు షెబాంగ్ కనపడదు, ఫైల్ నేరుగా నడపబోతే పైథాన్ కోడ్‌ను షెల్ నడపబోయి గోల పెడుతుంది. పైథాన్‌లో ఎన్‌కోడింగ్ ప్రకటన ఉంటే అది 1 లేదా 2వ లైన్లోనే ఉండాలి, కాబట్టి షెబాంగ్, ఎన్‌కోడింగ్, ఆ తర్వాత 3వ లైన్లో ట్యాగ్. ఎక్స్‌ఎంఎల్, ఎస్‌వీజీ ఫైళ్లలో ఎక్స్‌ఎంఎల్ ప్రకటన కంటే ముందు కామెంటు కూడా ఉండకూడదు. పీహెచ్‌పీలో తెరిచే ట్యాగ్‌కు ముందు ఏది రాసినా బ్రౌజరుకు పోతుంది, దాంతో "హెడర్లు ముందే పంపబడ్డాయి" అనే ఎర్రరు. డాకర్‌ఫైల్లో సింటాక్స్ డైరెక్టివ్ ఉంటే ట్యాగ్ దాని కిందే, పైన పెడితే డైరెక్టివ్ ఉత్త కామెంటైపోయి బిల్డరులో ముందే ఉన్న పార్సరుతో బిల్డ్ అవుతుంది, చాలాసార్లు ఎర్రరు కూడా రాదు. గో ఫైళ్లలో ట్యాగ్‌కీ ప్యాకేజ్ లైనుకీ మధ్య ఒక ఖాళీ లైను వదలాలి, లేకుంటే అది ప్యాకేజీ డాక్యుమెంటేషన్లోకి ఎక్కుతుంది.

సీ ఫైళ్లలో రెండు గీతల కామెంటు, హెడర్ ఫైళ్లలోనూ అసెంబ్లీలోనూ /* */ కామెంటు. ఇది కెర్నల్ పద్ధతి. హెడర్లు అసెంబ్లీ ఫైళ్లలోకి కూడా చేరతాయి, కొన్ని పాత అసెంబ్లర్లకు // అర్థం కాదు. మీకు స్టార్టప్ అసెంబ్లీ ఫైళ్లుంటాయి కాబట్టి ఇదే పాటించండి.

వెబ్ పేజీకి ఒక మాట. టెర్సర్ లాంటి మినిఫైయర్లు (కోడ్‌ను కుదించే టూల్స్) మామూలు కామెంట్లు తీసేస్తాయి. /*! తో మొదలుపెడితేనో, లోపల ఎట్-లైసెన్స్ గుర్తు పెడితేనో మామూలు సెట్టింగుల్లో నిలుస్తాయి. ఎంఐటీ నోటీసు ఫోన్‌కు పోయే బండిల్లో కూడా ఉండాలి గదా.

జేసన్, బొమ్మలు, గెర్బర్ (బోర్డు తయారీకి పంపే ఫైళ్లు) జిప్‌లకు: పక్కనే అదే పేరుకు చివర డాట్ లైసెన్స్ చేర్చిన చిన్న టెక్స్ట్ ఫైల్. లోగో.పీఎన్‌జీ ఉంటే లోగో.పీఎన్‌జీ.లైసెన్స్. దాంట్లో కాపీరైట్ లైనూ, ట్యాగ్ లైనూ. ఇది ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఈ (ఎఫ్‌ఎస్‌ఎఫ్‌కు యూరప్ సోదర సంస్థ) వాళ్ల రీయూజ్ పద్ధతి. ఫైళ్లు వందల్లో ఉంటే రిపో మొదట్లో రీయూజ్.టోమ్ల్ ఒక్కటి పెట్టి, ఏ దారిలో ఉన్నవాటికి ఏ లైసెన్సో అక్కడే రాయొచ్చు. ఇది స్పెక్ 3.2లో వచ్చింది, పాత డెప్5 ఫైల్ బదులు.

---

తోటబోర్డు

అర్థమైంది, కుప్పలు పోస్తున్నాం. రెండు అనుమానాలు. మా సొంత ఫైళ్లలో పాత పేరా ఉండగా ట్యాగ్ కూడా పెడితే రెండుసార్లు చెప్పినట్టు గదా, పేరా తీసేస్తే ఏం? ఇంకోటి, హాల్, సీఎంసిస్ ఫోల్డర్లలో కూడా మేమే ట్యాగులు వేయాలా?

---

రేణిగుంట_జంక్షన్

మీరు మాత్రమే రాసిన ఫైల్లో పేరా తీసేయొచ్చు, కాపీరైట్ లైను మాత్రం ఉంచండి. ఇంకొకరి చెయ్యి పడిన ఫైల్లో తీయొద్దు. జీపీఎల్ 2 ఒకటో సెక్షనే నోటీసులను అట్లాగే ఉంచమంటుంది. ఎంఐటీ, బీఎస్‌డీల్లో కాపీరైట్ నోటీసూ షరతుల పాఠమూ ఉంచడమే అసలు షరతు. ట్యాగ్ దానికి బదులు కాదు. పూర్తి పాఠాలు లైసెన్సెస్ అనే ఫోల్డర్లో, ఒక్కో ఐడీ పేరుతో ఒక్కో ఫైల్‌గా ఉండాలి. రీయూజ్ టూల్లో డౌన్‌లోడ్ ఆల్ అంటే వాడిన ఐడీలన్నిటికీ అదే తెచ్చి పెడుతుంది. బీఎస్‌డీకి వచ్చేది కాపీరైట్ పేరు ఖాళీగా ఉన్న నమూనా పాఠం, కాబట్టి ఫైల్లోని అసలు కాపీరైట్ లైను పోగొట్టుకోకూడదు.

బయటి ఫోల్డర్లలో వేలు పెట్టకండి. వచ్చే వెర్షన్ తెచ్చుకున్న రోజు మీ ట్యాగులన్నీ పోతాయి, లేదంటే మర్జ్ గొడవలు. రీయూజ్.టోమ్ల్‌లో ఆ ఫోల్డర్ దారి ఇచ్చి ప్రకటిస్తే చాలు. ప్రెసిడెన్స్ విలువ చూసుకోండి: క్లోజెస్ట్ అంటే ఫైల్లో సమాచారం ఉంటే అదే, లేకుంటే టోమ్ల్‌లోది, అగ్రిగేట్ అంటే రెండూ కలుస్తాయి, ఓవర్‌రైడ్ అంటే ఫైల్లో ఏమున్నా టోమ్ల్ మాటే. బయటి కోడ్‌కు ఓవర్‌రైడ్ పెడితే ఏదో ఒకరోజు పైనుంచి లైసెన్స్ మారినా మీకు తెలియదు. క్లోజెస్టే మేలు.

హాల్ ఫోల్డరంతా బీఎస్‌డీ-3-క్లాజ్ అనుకోవద్దు. చిప్ కంపెనీ ప్యాకేజీల్లో మిడిల్‌వేర్ కొన్ని ఎస్‌ఎల్‌ఏ0044 ఒప్పందం కింద వస్తాయి, ఆ కంపెనీ చిప్‌ల మీదే నడపాలనే షరతుతో. అది ఎంఐటీలాంటి ఓపెన్ లైసెన్స్ కాదు, జీపీఎల్‌తో అసలే కుదరదు. జాబితాలో లేని లైసెన్స్ తగిలితే లైసెన్స్‌రెఫ్ అనే ముందుమాటతో మీరే ఒక పేరు పెట్టి, ఆ పాఠాన్ని అదే పేరుతో లైసెన్సెస్ ఫోల్డర్లో ఉంచాలి. దగ్గరగా ఉంది గదా అని బీఎస్‌డీ ఐడీ తగిలించకండి. ఫ్రీఆర్‌టాస్ వాడుతుంటే వెర్షన్ చూడండి: 10 నుంచి ఎంఐటీ, అంతకు ముందువి సవరణతో కూడిన జీపీఎల్.

---

కాణిపాకం_కంపైలర్

అందరూ ట్యాగుల గురించే మాట్లాడుతున్నారు, మీరు చెప్పిన ఫైళ్లలో నాకు అంతకంటే పెద్ద సమస్య కనిపిస్తోంది. సీఎంసిస్ 5 అపాచీ-2.0. మీ ఫర్మ్‌వేరూ, కెర్నల్ డ్రైవరూ జీపీఎల్-2.0-ఓన్లీ. ఇవన్నీ ఒకే బైనరీలో కలుస్తాయి. అపాచీ 2.0 జీపీఎల్ 3తో కుదురుతుంది, జీపీఎల్ 2తో కుదరదు; ఎఫ్‌ఎస్‌ఎఫ్ చెప్పేది అదే, పేటెంట్ రద్దు షరతులు లాంటివి అదనపు ఆంక్షలు కాబట్టి. ట్యాగులు సరిగ్గా పెట్టిన మరుక్షణం ఎస్‌బామ్‌లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ట్యాగులు లేనన్నాళ్లూ గొడవ లేదని కాదు, కనపడలేదంతే.

దారి ఉంది. మొదట కెర్నల్ డ్రైవరు తీసేయండి. బీఎంఈ280 తయారీదారు బాష్ సొంతంగా ఇచ్చే సెన్సర్ ఏపీఐ కోడ్ బీఎస్‌డీ-3-క్లాజ్. మైక్రోకంట్రోలర్‌కు అదే తేలిక, చదివే ఫంక్షనూ రాసే ఫంక్షనూ ఆలస్యం ఫంక్షనూ మీరిస్తే చాలు. రెండోది, మీ సొంత ఫైళ్లను జీపీఎల్-2.0-ఆర్-లేటర్‌కు మార్చడానికి కోడ్ రాసిన అందరినీ అడగండి. అప్పుడు మొత్తం బైనరీని జీపీఎల్ 3 కింద పంచొచ్చు. కెర్నల్ డ్రైవరు ఉన్నంతకాలం మీవాళ్లందరూ ఒప్పుకున్నా లాభం లేదు, దాన్ని మార్చే హక్కు మీ చేతిలో లేదు. అందుకే ఆ వరుస. ఎవరైనా జవాబివ్వకపోతే వాళ్ల లైన్లు మళ్లీ రాసుకోవాలి. మూడు లైన్ల ప్యాచు అయితే పెద్ద పనేం కాదు.

---

అలిపిరి_లిన్టర్

కమిట్ల సంగతి.

ట్యాగులు చేర్చే కమిట్లలో ఇంకేమీ ఉండకూడదు, ఖాళీలు సర్దడం కూడా. తనిఖీకి గిట్ డిఫ్‌కు నమ్‌స్టాట్ ఇవ్వండి: మొదటి నిలువు వరుస చేరిన లైన్లు, రెండోది పోయిన లైన్లు. రెండోది అన్ని ఫైళ్లకూ సున్నా ఉండాలి. ఎక్కడైనా ఫైల్ మొత్తం పోయి మళ్లీ వచ్చినట్టు కనిపిస్తే, మీ స్క్రిప్టు విండోస్ లైను ముగింపులను మార్చేసిందని అర్థం. రీయూజ్ టూల్లో అనోటేట్ వాడినా ఈ తనిఖీ మానొద్దు, ముందే ఉన్న హెడర్ కామెంటును అది తన అచ్చులో తిరగరాయొచ్చు. పైన బామ్ గుర్తు (ఎన్‌కోడింగ్ తెలిపే, కంటికి కనపడని గుర్తు) ఉన్న ఫైళ్లను కూడా ముందే వెతికి పెట్టుకోండి, దాని ముందు లైను అతికితే గుర్తు ఫైల్ నడిమధ్యకు పోయి కంపైలర్ అరుస్తుంది.

ఫర్మ్‌వేర్‌కు ఇంకో మంచి పరీక్ష ఉంది. ట్యాగులకు ముందూ తర్వాతా బిల్డ్ చేసి, ఫ్లాష్‌లోకి వెళ్లే బిన్ ఫైళ్ల ఎస్‌హెచ్‌ఏ256 పోల్చండి. కామెంట్లే మారాయి కాబట్టి ఒకటే రావాలి. రాకపోతే రెండు కారణాలు చూడండి: తేదీ, సమయం మాక్రోలు (సోర్స్ డేట్ ఎపోక్‌ను రెండు బిల్డులకూ ఒకటే పెట్టండి), లేదా అసర్ట్‌లు. అసర్ట్ తన లైను నంబరును బైనరీలో దాచుకుంటుంది, పైన ఒక లైను చేరితే అన్నీ ఒకటి పెరుగుతాయి. పోలిక కోసం అసర్ట్‌లు ఆపి బిల్డ్ చేయండి.

గిట్ బ్లేమ్‌లో (ఏ లైను ఎవరు రాశారో చూపేది) ఈ కమిట్లు అడ్డం రాకుండా వాటి హ్యాష్‌లను గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైల్లో రాయండి. గిట్ 2.23 నుంచి, ఆ ఫైల్‌ను గిట్ సెట్టింగుల్లో చూపిస్తే పనిచేస్తుంది. రీబేస్ చేస్తే హ్యాష్‌లు మారతాయి కాబట్టి మెయిన్‌లో మర్జ్ అయ్యాకే రాయాలి.

ఇదంతా అయ్యాక సీఐలో (ప్రతి మార్పుకూ తనంతట తానే నడిచే తనిఖీ) రీయూజ్ లింట్ పెట్టకపోతే ఆర్నెల్లకు మళ్లీ మొదటికే. ట్యాగ్ లేని కొత్త ఫైల్, జాబితాలో లేని ఐడీ, పాఠం లేని లైసెన్స్, పాఠం ఉండి ఎవరూ వాడని లైసెన్స్, అన్నీ పట్టుకుంటుంది. మొదటి రోజు ఒక తప్పుడు అలారం వస్తుంది: మీ డాక్యుమెంటేషన్లో "హెడరు ఇట్లా రాయండి" అని ఇచ్చిన ఉదాహరణను కూడా అది నిజం ట్యాగ్‌గా చదువుతుంది. ఆ భాగాన్ని రీయూజ్-ఇగ్నోర్‌స్టార్ట్, రీయూజ్-ఇగ్నోర్‌ఎండ్ కామెంట్ల మధ్య పెట్టండి.

పైప్రాజెక్ట్.టోమ్ల్‌లో లైసెన్స్ విలువగా అదే ఐడీ రాసి, పాత లైసెన్స్ క్లాసిఫైయర్ తీసేయండి. రెండూ ఉంటే కొత్త సెటప్‌టూల్స్ బిల్డ్ ఆపేస్తుంది. ప్యాకేజ్.జేసన్‌లోనూ ఇంతే.

---

తోటబోర్డు

సీఎంసిస్ విషయం మాకు తట్టనే లేదు, థ్యాంక్సన్నా. బాష్ కోడ్‌తో ఒక బ్రాంచి మొదలుపెట్టాం, ప్యాచులు పంపినవాళ్లకు మెయిల్ రాస్తున్నాం. ఒక్కటి మిగిలింది: కైక్యాడ్ ఫైళ్లకు కూడా జీపీఎల్ ఐడీయే పెట్టాలా? ఇంతవరకు దానికి ఏ లైసెన్సూ రాయలేదు. గీసింది మాలో ఇద్దరు మాత్రమే.

---

పీలేరు_పైథాన్

ఇద్దరే గీశారు కాబట్టి ఆ ఇద్దరూ ఒప్పుకుంటే ఏదైనా పెట్టుకోవచ్చు. హార్డ్‌వేర్‌కు సెర్న్ ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్స్ ఉంది. వెర్షన్ 2లో మూడు రకాలు: సెర్న్-ఓహెచ్‌ఎల్-పీ-2.0 ఎంఐటీ తరహా, ఎస్ జీపీఎల్ తరహా, డబ్ల్యూ మధ్యస్థం. మూడూ ఎస్‌పీడీఎక్స్ జాబితాలో ఉన్నాయి. బోర్డును మార్చి అమ్మేవాళ్లు ఆ మార్పులు బయట పెట్టాలనుకుంటే ఎస్.

కైక్యాడ్ ఫైళ్లలో చేత్తో కామెంట్లు పెట్టొద్దు, మళ్లీ సేవ్ చేస్తే ఉంటాయన్న నమ్మకం లేదు. టోమ్ల్‌లో హార్డ్‌వేర్ ఫోల్డరు దారి ఇచ్చి, చివర రెండు నక్షత్రాలు పెట్టండి. ఒక్క నక్షత్రమైతే ఆ ఫోల్డర్లో నేరుగా ఉన్న ఫైళ్లకే వర్తిస్తుంది, లోపలి ఫుట్‌ప్రింట్ ఫోల్డర్లు మిగిలిపోతాయి. ఆ ఫుట్‌ప్రింట్లలో బయటి లైబ్రరీల నుంచి దించుకున్నవి ఉంటే వాటిని వేరే ఫోల్డర్లోకి మార్చి విడి ఎంట్రీ రాయండి. బోర్డు మీద సిల్క్ లేయర్లో (అక్షరాలు అచ్చయ్యే పొర) కూడా ఐడీ, రిపో చిరునామా అచ్చు వేయిస్తే బోర్డు చేతికి వచ్చినవాడికి వెతుక్కునే పని ఉండదు.